రెండో లిఫ్టు

"వర్ణవివక్ష రోజుల్లో తెల్లవాళ్ళ చలవతో మంత్రిగిరీ వెలగబెట్టారటగా!"

దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన తెగపెద్దను గుర్‌గావ్‌లోని తన ఫ్లాటుకు భోజనానికి తీసుకెళ్తూ, లిఫ్టు దగ్గర నవ్వుతూనే దెప్పాడు నాగభూషణం.

పెద్దాయన నొచ్చుకోలేదు. పక్క లిఫ్టు ముందు నిలబడ్డ పనమ్మాయిని చూశాడు.

"ఆవిడ మనతో రాదా?"

"పనివాళ్ళకి లిఫ్టు వేరేనండీ. అసోసియేషన్ ప్రెసిడెంటుగా నేనే పెట్టించాను. ఎవరిది వాళ్ళకుంటే గొడవుండదు. వాళ్ళకీ అదే హాయి!"

పెద్దాయన ముఖం విప్పారింది. నాగభూషణం చెయ్యందుకుని ఆప్యాయంగా ఊపాడు.

"అక్షరం పొల్లుపోలేదు! తెల్లవాళ్ళు మాకు విడిగా పెట్టిచ్చిన అసెంబ్లీలో పద్దెనిమిదేళ్ళు నేను చదివిన ప్రసంగం ఇదే. కాకపోతే నాకు వాళ్ళు రాసిచ్చేవారు. మీరు కాగితం చూడకుండానే చెప్పేశారు!"