కాకి కోసం కాచిన పూట

గోదావరి ఒడ్డున చిన్నాన్న వరస కాకలంతా కొలువు తీరారు. కాకి మాత్రం రాలేదు.

ఆ రోజు బుచ్చన్న దినాలు. ఇసుకలో మోదుగాకు విస్తరి పరిచి, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వడ్డించారు. అన్నం, మటన్, ఉడికిన గుడ్డు, పక్కన కల్లు సీసా, బీడీకట్ట. పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టుకుంటే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పటిదాకా ఎవరి నోట్లోకీ ముద్ద పోదు.

కొడుకు రఘుపతి కాళ్లు ఒకచోట నిలవడం లేదు. విస్తరి దగ్గర్నుంచి నీళ్లదాకా, నీళ్ల దగ్గర్నుంచి విస్తరిదాకా. అతను ఓపెన్‌కాస్టులో బొగ్గు మోసే డంపరు నడుపుతాడు. బండి దిగాక మాటలు డంపు చేస్తాడు.

"పిట్టలకు గూడ షిఫ్టులున్నయేమో కాకా. ఫస్టు షిఫ్టు దిగింది, సెకండు షిఫ్టు ఇంక ఎక్కలె."

బిక్షం కాక నవ్వలేదు. అన్న పోయిన బాధకు పొద్దటి ఆకలి తోడైంది.

నది మధ్య బండల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ బారులు తీరాయి. పేరులో కాకి ఉంది గానీ, అవి లెక్కలోకి రావు.

ఇక మాట ఇవ్వడం మొదలైంది. పోయినవాడి మనసులో ఏముందో ఊహించి, అది తీరుస్తామని పైకి చెప్పాలి. పొలం గట్టు పంచాయితీ ఇవాళ్టితో వదిలేస్తున్నానని బిక్షం ప్రకటించాడు. పిట్ట రాలేదు. కన్న అవ్వను మంచిగా చూసుకుంటానన్నాడు రఘుపతి. రాలేదు. గుట్కా మానేస్తానన్నాడు. ఆ మాట కాకులు కూడా నమ్మలేదు.

అసలు మాట అతని గొంతులోనే ఇరుక్కుపోయి ఉంది.

గని నుంచి రిటైరైన దగ్గర్నుంచీ నాయిన ఒక్కటే అడిగేవాడు, శివ్వారం తీసుకుపొమ్మని. అక్కడ గోదావరి మడుగుల్లో మొసళ్లు బండలెక్కి ఎండ కాగుతాయట, కళ్లారా చూస్తానని. బతుకంతా భూమి కింద చీకట్లో గడిపినవాడికి, ఎండలో పడుకున్న మొసలి మీద మోజు పుట్టింది. రఘుపతికేమో ఆదివారం ప్లేడే డ్యూటీ, సెలవు రోజు పనికి రెట్టింపు జీతం. మొసళ్లకు అంత దూరమెందుకు నాయినా, బిక్షం కాక నవ్వినప్పుడు చూడు చాలని దాటేసేవాడు. ఉన్నది గోదావరిఖనిలో. కన్నతండ్రికి ఆ గోదావరిలో ఒక్క మొసలిని చూపించలేకపోయాడు.

ఆ మాట పదిమందిలో ఎట్లా చెప్పడం? చెప్పకపోతే పిట్ట ఎట్లా రావడం? నాయిన తన మీద కోపంతోనే పోయాడా? రఘుపతి మళ్లీ నీళ్లదాకా నడిచాడు.

అప్పుడు లేచి వచ్చాడు ఒక పెద్దమనిషి. తెల్లగడ్డం, మెడలో దుర్భిణి, ఒక కాలు కుంటు. అంతసేపూ దూరంగా ఇసుకలో కూర్చుని విస్తరి వైపే చూస్తున్నాడు.

"బేటా, ఒక్క ముద్ద ఇయ్యి. అవతలొడ్డుకు తీస్కపోయి పెడ్త. ఆడైతే పిట్టలొస్తయ్."

పిట్టల ఫోటోల కోసం నది వెంట తిరిగే పట్నంవాళ్లను రఘుపతి చాలామందిని చూశాడు. ఎర వేసి పిట్టను దింపుతారు, ఫోటో దింపుతారు, దుమ్ము లేపుకుంటూ పోతారు. ఆ దుర్భిణిలో అతనికి దుర్బుద్ధే కనిపించింది.

"ఇది మా నాయిన విస్తరి. నీ ఫోటోలకు ఎర గాదు."

"అట్ల గాదు బేటా, నేను..."

"నువ్వీడ ఉన్నంతసేపు పిట్ట దిగది. నీ దుర్బీన్లకెల్లి సూస్తే మా ఆకలి పెద్దగ కనవడ్తుందా ఏంది?"

చుట్టాల్లో ఎవరో నవ్వారు. పెద్దమనిషి విస్తరి వైపు తిరిగి, గుండె మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కుంటుకుంటూ పోయి చేపలు పట్టేవాళ్ల పడవ ఎక్కాడు.

పడవ అవతలి ఇసుక తిన్నెకు చేరింది. అతను దిగి, సంచిలోంచి తన రొట్టె తీసి ముక్కలు చేశాడు. వెనక తుమ్మచెట్ల మీంచి కాకులు గుంపుగా దిగాయి, పిలిచిన చుట్టాల్లాగా.

ఇవతల విస్తరి మీద ఈగలు ముసురుతున్నాయి.

మన కూరలో ఉప్పు తక్కువైందేమోనని రఘుపతి అనబోయాడు. ఆగి, కండువాతో ఈగలు తోలాడు.

గట్టు మీద ట్రాక్టరు నీడలో ఆడవాళ్లతో కూర్చున్న అతని తల్లి సారలమ్మ, ఇంత ఆలస్యమెందుకని మెల్లగా దిగి వచ్చింది. నొసటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నది అవతలికి చూసింది.

"గా కుంటుకుంట నడిశేది బద్రుద్దీన్ గాదా? ఈడిదాకచ్చి అట్లనే పోయిండా?"

"బద్రుద్దీన్ ఎవలవ్వా?"

సారలమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నీకు చెప్పద్దన్నడు మీ నాయిన. నువ్వు చిన్నబోతవని."

పొద్దటి నుంచీ తిరుగుతున్న రఘుపతి కాళ్లు ఇసుకలో నిలిచిపోయాయి.

"ఆయనతోని గనిల పనిజేసినోడే. ఆదివారం నువ్వు డ్యూటీ ఎక్కంగనే, బండి మీద కూసుండవెట్టుకొని శివ్వారం తీస్కపోయేటోడు. మొసళ్లను సూసి, మల్లచ్చేటప్పుడు గా ఇసుకల కూసుండి ఇద్దరు కాకులకు రొట్టేసేటోళ్లు."

ఆమె ఇంకా అవతలి ఒడ్డునే చూస్తోంది.

"తొవ్వల చాయ్ హోటల్ల ఎవలు తీస్కచ్చిండ్రని ఎవలన్న అడిగితే, నా కొడుకే తీస్కచ్చిండు, గిప్పుడే పనిబడి పోయిండని చెప్పేటోడు మీ నాయిన. పక్కకు నిలవడి, అవునన్నా, పిలగాన్ని నేను గూడ సూసిన అని సాక్ష్యం జెప్పేటోడు గా బద్రుద్దీన్."