రెండే చుక్కలు

“వంటగది ముప్పై ఆరు. ముందు గది నలభై ఒకటి. మీరు పడుకునే గది యాభై రెండు,” అని చదువుకుంటూ వచ్చి, గాలి పరీక్ష చేసే ఆవిడ నాలుగో ప్లేటు దగ్గర ఆగింది. “వెనక గది... రెండు!”

“రెండంటే మంచిదేనా మేడమ్?” అంది కోడలు భయంభయంగా.

“మంచిదేనా అని అడుగుతారేంటమ్మా! గాల్లోంచి పడ్డ ఒక్కో సూక్ష్మజీవీ పెరిగి ఇలా ఒక్కో చుక్కవుతుంది. ఇన్నేళ్లలో రెండే చుక్కలున్న గది నేను చూళ్లేదు.”

కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్ల పాపకి రెండు నెలలుగా ఆయాసం. మందులు మారాయి, డాక్టర్లు మారారు, పిల్లికూతలు మాత్రం తగ్గలేదు. ముందు ఇంట్లో గాలి సంగతి చూడమని కొత్త డాక్టరు అంటేనే ఈ పరీక్ష పెట్టించింది. పోయిన వారం పరీక్ష చేసే ఆవిడ నాలుగు గదుల్లో నాలుగు ప్లేట్లు తెరిచి పెట్టి, గంట కాగానే మూతలు పెట్టమని చెప్పి పక్కింటికి వెళ్లింది. ఆ సమయానికి కోడలు పాపని తీసుకుని డాక్టరు దగ్గరుంది. ప్లేట్లకు కాపలా కాసింది అత్తగారే.

వెనక గదీ అత్తగారిదే. ఆవిడ శుభ్రం గురించి వీధంతా చెప్పుకుంటుంది. రోజుకు రెండుసార్లు తడిగుడ్డ పెడుతుంది, పాపం ఆ నేలకి ఆరే తీరికే ఉండదు. చెప్పులతో కన్నకొడుక్కి కూడా ప్రవేశం లేదు.

“నా గది పాపకిచ్చేయండి. నేను ముందు గదిలో సర్దుకుంటా,” అంటూనే ఆవిడ దిండూ దుప్పటీ చంకన పెట్టుకుంది.

ఆ రోజే పాప మంచం వెనక గదికి చేరింది. బయటి గాలి చొరబడకుండా కోడలు కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. బడి మాన్పించి పాపని అక్కడే ఉంచింది.

నాలుగో రోజుకి ఆయాసం ఎక్కువైంది. కోడలు బొమ్మలన్నీ మూటకట్టి బయట పడేసింది. ఆరో రోజుకి పాప ఒక్క మాటకి రెండుసార్లు ఆగుతోంది. కోడలు దిండు మార్చింది, తలనూనె మాన్పించింది. చివరికి తన ఒంటికే ఏమన్నా అంటుకొస్తోందేమోనని గుమ్మం బయటే నిలబడి కూతురికి కథలు చెప్పింది. భయమేసినప్పుడల్లా ఆ రెండు చుక్కల్నే తలుచుకుని ధైర్యం తెచ్చుకునేది.

“అమ్మా, ముందు గదిలోకి వస్తానే. అక్కడైతే ఊపిరి బాగుంటుంది,” అంది పాప.

“అమ్మో, అక్కడ నలభై ఒకటి తల్లీ!”

తొమ్మిదో రోజు పాపని ఆసుపత్రిలో చేర్చారు.

“ఇంట్లో పాప ఎక్కడ పడుకుంటోంది?” అని డాక్టరు అడిగాడు.

“ఇంటికంతటికీ శుభ్రమైన గదిలోనండీ,” అంటూ కోడలు భోరుమంది.

విచిత్రంగా, ఆసుపత్రిలో రెండు రోజులకే పాప తేరుకుంది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు. ఇంటికి సరే, ఏ గదికి? కోడలు పరుగున ఇంటికొచ్చి పరీక్ష చేసే ఆవిడకి ఫోన్ చేసింది.

“లెక్క ఎక్కడో తప్పారు మేడమ్. నా బిడ్డ ఊపిరండీ అది!”

“లెక్క తప్పలేదమ్మా, రెండుసార్లు చూశాను. అయినా మీకోసం మళ్లీ పెడతాను,” అంటూ ఆవిడ గంటలో వచ్చింది. వెనక గదిలో మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద కొత్త ప్లేటు తెరిచి పెట్టింది. “ఎవరూ ముట్టుకోకండి. గంటసేపూ ఇలాగే ఉండాలి.”

కోడలు గుమ్మంలో నిలబడి ఆ ప్లేటునే చూస్తోంది. ఈసారైనా నిజం తెలిస్తే చాలనుకుంది. వెనకనుంచి అత్తగారు వచ్చి, తనూ తొంగి చూసి నొచ్చుకుంది.

“అయ్యో, దుమ్ము పడదూ? పోయినసారిలాగే ఇప్పుడే మూత పెట్టేయనా?”