పెరుగు మీద విచారణ

"పెరుగన్నం పురుగుల ఎంగిలి అని పిల్లకాయలకు పాఠం చెప్పినావంట, నిజమేనా?" అని కమిటీ ప్రెసిడెంటు సుదర్శనం గారు సత్రం వసారాలో అందరి ఎదుటా నిలదీశారు.

 నోరు తెరిస్తే తిట్టే వస్తుందని శఠగోపానికి భయం. అతను తిరుచానూరు వచ్చింది పెరుగు సంగతి తేల్చుకోవడానికి కాదు, ఈ సత్రం వంటిల్లు మూయించడానికి. సత్రం నడిపే కమిటీదే కాలేజీ కూడా. అందులో అతను సూక్ష్మజీవుల పాఠం చెప్పే లెక్చరరు. సత్రం గంగాళంలో నీళ్లు పట్టుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే సూక్ష్మజీవులు పుట్టలు పుట్టలుగా కనబడ్డాయి. లోపల చెయ్యి పెడితే జారే పాచి. యుద్ధం వచ్చి కట్టెలకు కరువైందని ఆ నీళ్లు కాచే దిక్కు లేదు. తాగిన యాత్రికులు వాంతులూ భేదులూ పట్టి ఆసుపత్రి పాలవుతున్నారు. వచ్చే వారం పంచమీ తీర్థం, ఇసక వేస్తే రాలనంత జనం. ఆలోగా వంటిల్లు మూసి, అండాలూ గంగాళాలూ తోమి కాచకపోతే శవాలు లేస్తాయని కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు.

సత్రంలో వంట కాంట్రాక్టు ప్రెసిడెంటు బావమరిది దామోదరానిది. గంగాళం తోమడానికి చేతులు రాని ఆ మహానుభావుడికి చాడీలు మోయడానికి మాత్రం కాళ్లొచ్చాయి. సూక్ష్మజీవులు పాలలోని తీపిని తిని పులుపు వదిలితేనే పెరుగవుతుందని శఠగోపం క్లాసులో చెప్పిన ముక్క ఎక్కడో విని, దానికి తోక తగిలించాడు. తిని వదిలింది ఎంగిలి కాదా? పెరుమాళ్లకు ఆరగింపు చేసే దధ్యోజనాన్ని ఎంగిలన్నవాడికి మన కాలేజీలో కొలువా? సభ్యులంతా అవునవునన్నారు. లెంపలు వేసుకోమన్నారు, లేకపోతే రేపటినుంచి కాలేజీకి రానక్కర్లేదన్నారు. అర్జీ సంగతి ఆ తర్వాతేనట.

శఠగోపం వాళ్లను వరసగా చూశాడు. ఒకాయన కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఇంకొకాయన పొడుం పీల్చిన చేత్తోనే ప్రసాదం తింటున్నాడు. ఛీ, వీళ్లకా తాను సైన్సు చెప్పి ఒప్పించేది! ఈ బుర్రలకు తగ్గ మేత వేస్తే పోలా అనుకున్నాడు.

"పురుగులని ఎవరు చెప్పినారు స్వామీ?" అన్నాడు మహా వినయంగా. "వాటికి కాళ్లు లేవు, నెత్తురు లేదు, నోరు లేదు. నోరే లేనిదానికి ఎంగిలి యాడిది? శాస్త్రంలో వాటిని వృక్షజాతిలో చేర్చినారు. అవి మొక్కలు."

కునుకు తీసే ఆయన కళ్లు తెరిచాడు. పొడుం ఆయనకు సందేహం వచ్చింది, ఉల్లి, వెల్లుల్లి జాతి మొక్కలేమోనని. శఠగోపం నవ్వు బిగబట్టుకుని, ఆ భయం అక్కర్లేదని, ఏకాదశినాడు పుచ్చుకున్నా దోషం లేదని హామీ ఇచ్చాడు. ఎంత గడ్డి వేస్తే అంతా మేస్తున్నారు గదా అని లోపల్లోపల మురిసిపోయాడు.

"పెరుగులో ఉండేవేనా, లోకంలో ఉండేవన్నీ అంతేనా?" అని ప్రెసిడెంటు అడిగారు.

గంగాళం నీళ్లలో రక్తవిరేచనాలు పట్టించే అమీబాలు కూడా కనబడ్డాయి. అవి మొక్కలు కావు, జంతువులే. ఆ మాట నోటిదాకా వచ్చింది. పని ఇంత నున్నగా జరిగిపోతుంటే ఈ మొద్దులకు కొత్త అనుమానం ఎందుకు అంటించడమని మింగేశాడు.

"అన్నీ అంతే స్వామీ. మనం తినే ఆకుకూరల వంటివే."

ప్రెసిడెంటు ముఖం విప్పారింది. స్వామికి అపచారం జరగలేదని చేతులు జోడించారు. ఉద్యోగం నిలిచింది. అంత చదువుకున్నవాణ్ణి ఊరికే నొప్పించామే అని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఇదే అదనని శఠగోపం అర్జీ ముందుకు జరిపాడు. ఇంత తేలిగ్గా లొంగిన ఈ తలకాయలు వంటిల్లు మూయడానికి మాత్రం అడ్డం చెబుతాయా అని అతని ధీమా.

ప్రెసిడెంటు అర్జీ అంతా శ్రద్ధగా చదివారు. గంగాళంలో ఏమేం కనబడ్డాయో రాసినచోట వేలు పెట్టి రెండోసారి చదివారు. తర్వాత కాగితం మడిచి పక్కన పెట్టి, దామోదరాన్ని పిలిచి చెవిలో ఏదో చెప్పారు. దామోదరం వంటింట్లోకి పోయి, గంగాళంలో ముంచిన చెంబు తెచ్చి శఠగోపం ముందు పెట్టాడు.

"ఆకుకూరలు ఉండాయని వంటిల్లు మూస్తారా యాడైనా?" అన్నారు ప్రెసిడెంటు ఎంతో ఆప్యాయంగా. "ఇంతసేపూ మాట్లాడి గొంతు ఎండిపోయుంటాది, ముందు ఈ నీళ్లు తాగు నాయనా."