టీవీకెక్కని టీమ్

బాస్కెట్‌బాల్ లీగ్‌లో కప్పు గెలిచింది అక్క టీమ్. టీవీవాళ్ళు ఇంటికొచ్చింది మాత్రం, పేరుమోసినా పట్టికలో అట్టడుగున ఉన్న టీమ్‌లో ఆడే చెల్లెలి కోసం.

"మేడమ్, ఈ థర్మోకోల్ అట్ట కాస్త పట్టుకుంటారా? ఆవిడ మొహం మీద వెలుగు పడాలి," అన్నాడు కెమెరామన్.

అక్క పట్టుకుంది.

"మళ్ళీ ఎందుకు ఓడిపోయారు?" అని విలేకరి తిప్పి తిప్పి అడుగుతున్నాడు. చెల్లెలు నవ్వుతూనే జవాబు చెబుతోంది. ఆ నవ్వు చూసి అక్కకి మండింది.

వాళ్ళటు వెళ్ళగానే విరుచుకుపడింది. "పేరు గొప్ప, ఊరు దిబ్బ! గెలిచిన మాకు కప్పు, ఓడిన మీకు కెమెరాలూనా? ఇదెక్కడి న్యాయమే?"

చెల్లెలు మొహానికున్న పౌడరు తుడుచుకుంది. "నన్ను తీసుకోమని మీ కోచ్‌కి చెప్పవా అక్కా?"

"మా టీమ్‌లోనా? అక్కడ నీ మొహం ఎవరూ చూడరే!"

"అందుకేగా అక్కా అడుగుతున్నాను."