ఏడుకీ ఎనిమిదికీ నడుమ మేకు

జ్ఞానానందం విజిల్ ఊదాడంటే ఎంత పెద్ద క్యారవాన్ అయినా బుద్ధిగా వెనక్కి వెళ్ళి గీత మీద ఆగాల్సిందే. ముప్పై రెండేళ్ళు గూడ్సు రైలు గార్డుగా చేసి రేపల్లెలో రిటైరైన మనిషి. బాపట్ల దగ్గర సూర్యలంకలో, సరుగుడు తోపుల్లో కొత్తగా పెట్టిన క్యారవాన్ల క్యాంపుకి ఇప్పుడు ఆయనే మేనేజరు.

చోటుకో నంబరు. నాలుగు మూలలా నాలుగు మేకులు, చుట్టూ పసుపురంగు నైలాన్ తాడు. బండి మూతి దారివైపు ఉండాలి. ఒకరి గుమ్మానికి ఇంకొకరి గుమ్మం ఎదురు రాకూడదు. బండికీ బండికీ మధ్య ఇరవై అడుగులు వదలాలి. పక్కవాళ్ళ తాడు దాటి అడ్డదారిన నడవకూడదు. ఇదంతా బోర్డు మీద రాసే ఉన్నా, వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు.

"మూడు నెలలు చూస్తానండి," అన్నాడు యజమాని మోహనకృష్ణ, పనిలో పెట్టుకున్న రోజున. "జనం ఇక్కడికి ప్రశాంతత కోసం వస్తారు. ఒక్క గొడవ జరిగిందా, ఇక మీరు ఇంటికే."

ఆ మూడు నెలలూ ఈ ఆదివారంతో పూర్తి. యజమాని ఆ రోజే వస్తానన్నాడు. ఉద్యోగం పోతే ఇంట్లో భార్య సరోజ పక్కన కూర్చుని రోజంతా సీరియళ్ళు చూడాలి. ఆ ఊహకే జ్ఞానానందానికి ముచ్చెమటలు పోశాయి.

శుక్రవారం పొద్దున అమృతలూరు నుంచి బ్రహ్మయ్య, ఝాన్సీలక్ష్మి దంపతులు వచ్చి ఎనిమిదో నంబరులో దిగారు. గంట తర్వాత తెనాలి నుంచి వెంకట్రామయ్య ఒక్కడే వచ్చి ఏడులో దిగాడు. ఏడే కావాలని వారం ముందే ఫోన్ చేసి పట్టుబట్టి తీసుకున్న చోటది. పక్కపక్కనే దిగిన మనుషులు మాటవరసకి కూడా పలకరించుకోలేదు.

మధ్యాహ్నం బ్రహ్మయ్య ఆఫీసు గదికి వచ్చాడు.

"మేనేజరు గారూ, ఆ ఏడో నంబరాయన మేకు పీకి మా వైపు అడుగు లోపలికి పాతాడండి."

"అడుగే కదండి..."

"అడుగే కదా అంటే ఎట్టాగండి? ఇవాళ అడుగు, రేపు సెంటు."

జ్ఞానానందం టేపు పట్టుకుని పరుగెత్తాడు. నిజమే. కొలిచినట్టు అడుగు. మేకు పీకిన గుంట ఇసకలో ఇంకా కనిపిస్తూనే ఉంది. వెంకట్రామయ్య మాత్రం కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఇదేం పద్ధతి సార్? బోర్డు చూళ్ళేదాండి?"

"ఆయన్నే వచ్చి అడగమనండి."

ఇద్దరూ ఎదురుపడితే ఇంకేమైనా ఉందా? "ఆయన దాకా ఎందుకండి, నేనున్నాగా," అని నవ్వేసి, మేకు పీకి పాత గుంటలోనే దిగ్గొట్టాడు. వెంకట్రామయ్య మొహం చిన్నబోయింది. పేపరు మడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బ్రహ్మయ్య దంపతులు సముద్రస్నానం చేసొచ్చేసరికి మేకు మళ్ళీ జరిగింది. ఈసారి అడుగున్నర.

రెండ్రోజులుండి పోయే ఇసక కోసం ఇంత కక్కుర్తా అని జ్ఞానానందం లోలోపల తిట్టుకున్నాడు. పైకి మాత్రం నవ్వుతూ, "పన్నెండో నంబరు ఖాళీగా ఉందండి. సముద్రం ఎదురుగా కనిపిస్తుంది, అందులోకి మారండి," అన్నాడు.

"నాకిక్కడే బాగుందండి," అన్నాడు వెంకట్రామయ్య.

పోనీ అని ఆ పన్నెండే బ్రహ్మయ్యకి ఇవ్వబోయాడు.

"గట్టు జరిపినోడికి జడిసి పొలం ఒదిలేసి పోతామాండి?" అన్నాడు బ్రహ్మయ్య.

ఝాన్సీలక్ష్మి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. పాపం, ఏడుస్తోందనుకున్నాడు జ్ఞానానందం.

ఇక శనివారమంతా ఆయన ఆ మేకు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. టిఫిన్ అక్కడే, భోజనం అక్కడే. ఇద్దరూ మొహమొహాలు చూసుకునే పని లేకుండా మాటలన్నీ తనే అటూ ఇటూ మోశాడు.

ఆదివారం పొద్దున్నే బాపట్ల చర్చికి వెళ్ళి, ప్రభువా, ఈ ఒక్క పూటా దాటించు అని ప్రార్థన చేసుకుని తిరిగొచ్చాడు. గేటు దగ్గర యజమాని కారు ఆగి ఉంది. లోపల కేకలు.

మేకు ఈసారి ఏకంగా ఎనిమిదో నంబరు బండి మెట్టు పక్కనుంది. బ్రహ్మయ్య తాడు దాటి ఏడో నంబరులోకి పోయి వెంకట్రామయ్య మీద విరుచుకుపడుతున్నాడు.

"బుద్ధుందా నీకు? అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అడుగు కనపడితే నీ చెయ్యి ఊరుకోదు. వయసొచ్చిందిగాని సిగ్గు రాలేదు."

జ్ఞానానందం విజిల్ ఊదాడు. ఆగితేనా? రైళ్ళు ఆగాయిగాని మనుషులు ఆగలేదు. అయిపోయింది, ఉద్యోగం ఊడింది అనుకుని నీరుగారిపోయాడు.

అరిచి అరిచి బ్రహ్మయ్యకి ఆయాసం వచ్చింది. వెంకట్రామయ్య తన కుర్చీ జరిపాడు. బ్రహ్మయ్య అందులో కూలబడి కూడా తిడుతూనే ఉన్నాడు. ఝాన్సీలక్ష్మి టీ తెచ్చింది, రెండు గ్లాసులు.

అప్పటికి మోహనకృష్ణ వచ్చాడు. "ఏంటండి ఇక్కడ గొడవ?"

"గొడవెక్కడుందండి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, టీ తాగుతూ.

యజమాని తల ఊపి, జ్ఞానానందం భుజం తట్టి ముందుకు వెళ్ళిపోయాడు. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం కంటే జ్ఞానానందానికి అయోమయమే ఎక్కువైంది. బ్రహ్మయ్య తన బండిలోకి వెళ్ళేదాకా ఆగి, వెంకట్రామయ్యని పక్కకి పిలిచాడు.

"మూడు రోజులు నా ప్రాణం తీశారు కదండి. ఆ మూరెడు ఇసకతో ఏం చేసుకుంటారండి?"

వెంకట్రామయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పదకొండేళ్ళ కిందట పొలంలో గట్టు జరిపినప్పుడు తిట్టాడండి మా అన్నయ్య, మళ్ళీ నాతో మాట్లాడటం ఇవాళే."