రెండో చరణం

"ఆ పాటలో ఒక్క ముక్క కోసెయ్యాలండీ. ఎంతో కాదు, ఆరు సెకన్లు."

గంగాప్రసాద్ తలెత్తి చూశాడు. ప్రొజెక్టర్ గదిలోకి బయటివాళ్లు రాకూడదు. ఈ కుర్రాడు మెట్లెక్కి తిన్నగా వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, చెమట పట్టిన మొహం.

"ఏ పాట?"

"ఇంకే పాటండీ. అదే."

తొంభై ఎనిమిది దసరాకి బెజవాడలో పాటంటే అదొక్కటే. మొదట వేణువు. తర్వాత తెడ్డు నీళ్లలో పడే చప్పుడు. ఆ చప్పుడే తాళం. ఆటోనగర్‌లో మెకానిక్కులు బోల్టులు బిగిస్తూ ఈల వేసేది అదే. బెంజ్ సర్కిల్లో నాలుగు ఆటోలు ఆగితే నాలుగింట్లోనూ మోగేది అదే. సినిమా అంతంత మాత్రం. జనం ఆ పాట కోసమే వస్తున్నారు. అందులోనూ రెండో చరణం మన కృష్ణ ఒడ్డున తీశారు.

"రెండో చరణంలో హీరో ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని తిప్పుతాడు చూడండి. వాళ్ల వెనకాల రేవు మెట్ల మీద ఒక జంట ఉంటుంది. ఒకే మొక్కజొన్న పొత్తు ఇద్దరూ కొరుక్కుంటా ఉంటారు."

"చూశాను. రోజుకి నాలుగాటలు."

"అది మేమేనండీ. నేనూ, నాగలక్ష్మీ."

కుర్రాడి పేరు హేమసుందర్. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు.

"ఎవరి పిల్ల?"

"చేపల కాశీరావు గారి అమ్మాయండీ."

గంగాప్రసాద్ చేతిలో రీలు ఆగింది. కాశీరావుని అతను ఎన్నడూ కలవలేదు. పేరు మాత్రం విన్నాడు. ఆయన గొంతు ఎత్తితే చేపల మార్కెట్టంతా నిశ్శబ్దం అయిపోతుందంటారు.

"షూటింగని మాకు తెలుసుగానండీ, కెమెరా మా మీదికి కూడా తిరిగిందని ఎవరికి తెలుసు? రేపు ఫస్ట్ షోకి ఇంటిల్లిపాదీ వస్తున్నారు. బాల్కనీలో ఒక వరసంతా తీసుకున్నారు. కాశీరావు గారైనా పర్లేదు. నాగలక్ష్మి వాళ్ల నాయనమ్మ కొండలమ్మ గారున్నారు చూడండీ... నాగలక్ష్మిని కలవనని ఆవిడకి మాటిచ్చాను. పదకొండో రోజుకే తప్పాను."

"చూస్తే?"

"తనని మాటలతో చంపేస్తారు. నేనింక ఆ ఇంట్లో తలెత్తుకోలేను. అసలు సంగతేంటంటేనండీ..."

గంగాప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలు. ఎక్కువ తెలిస్తే ఎక్కువ చెప్పాల్సొస్తుంది."

అతనిది మొదటినుంచీ అదే పద్ధతి. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఉన్నాడు. ఒక్క ముక్క కొయ్యలేదు. ఒక్కసారి కూడా తెర మీద బొమ్మ మసకబారనివ్వలేదు. ఊళ్లో ఆ థియేటర్ పేరు చెబితే, బొమ్మ అద్దంలా ఉంటుందంటారు. అదే అతని ఆస్తి.

"కొయ్యను. ఫిల్ము మనది కాదు."

కుర్రాడు తలొంచుకుని మెట్లు దిగసాగాడు. నాలుగు మెట్లు దిగాక వెనకనుంచి వినబడింది.

"రేపు చూద్దాంలే. పో."

మర్నాడు ఫస్ట్ షో. హౌస్‌ఫుల్. గంగాప్రసాద్ గోడలో కన్నంలోంచి బాల్కనీలోకి చూశాడు. కుర్చీకి సరిపోక పక్క కుర్చీ చేతి మీదికి కూడా ఒరిగిన వీపు కాశీరావుదే అయ్యుండాలి. ఆ పక్కన తెల్లటి ముడి, ముసలావిడ. ఆవిడ పక్కన కనకాంబరాలు పెట్టుకున్న పిల్ల.

అదే వరస చివర హేమసుందర్ కూర్చుని ఉన్నాడు.

"వీడికెంత గుండె!" అనుకున్నాడు గంగాప్రసాద్.

వేణువు మొదలైంది. హాలంతా ఒక్కసారి కదిలింది. తెడ్డు చప్పుడుకి వెయ్యి చేతులు తాళం వేశాయి. మొదటి చరణం అయిపోయింది. గంగాప్రసాద్ అరచెయ్యి లుంగీకి తుడుచుకుని లెన్సు మీద వేశాడు.

హీరో చెయ్యి పట్టుకున్నాడు.

గంగాప్రసాద్ తిప్పాడు.

తెర మీద హీరో, హీరోయిన్, కృష్ణ, మెట్లు, అన్నీ కలిసి తడిసిన రంగు కాగితంలా అయిపోయాయి. ఒకటి. రెండు. ఇప్పుడు ఈలలు పడతాయి, కుర్చీలు విరుగుతాయి అనుకున్నాడు. మూడు. నాలుగు. ఎవరూ అరవలేదు. జనం పాడుతున్నారు. బొమ్మ పోయినా పాట పోలేదు కదా. నేల క్లాసులో ఎవడో కళ్లు మూసుకుని మరీ అందుకున్నాడు. ఐదు. ఆరు.

మళ్లీ తిప్పాడు. హీరో అద్దంలా ఉన్నాడు. మెట్లు దాటిపోయాయి.

ఆట వదిలాక ఎవరో పైకి వస్తున్న చప్పుడైంది. మెట్టు మెట్టుకీ ఆగి వస్తున్నారు. తలుపు దగ్గరికి వచ్చింది తెల్లటి ముడి.

"ఆపరేటరువి నువ్వేనా అబ్బాయ్?"

"నేనేనమ్మా."

"పాట మధ్యలో బొమ్మ అలికేసినట్టయిందేం?"

"లెన్సు వేడెక్కిందమ్మా."

"బొంకకు. నిన్న మ్యాట్నీకి నేనొక్కదాన్నే వచ్చి చూసెళ్లాను. ఇద్దరూ దీపాల్లా కనబడ్డారు. అందరి మధ్యా వాళ్ల మొహాలెట్టా ఉంటాయో చూద్దామని ఇవాళ ఇంటిల్లిపాదినీ నేనే లాక్కొచ్చాను. మొత్తం పాడు చేశావు!"

గంగాప్రసాద్ ఇంక దాచలేకపోయాడు. ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడాడు.

"కోప్పడకండమ్మా. కుర్రాడు మంచివాడు. ఆ పిల్లని ఒక్క మాట అంటారేమోనని నా దగ్గరికొచ్చి ఏడ్చినంత పని చేశాడు. తన కోసం కాదు. అంత ఇష్టపడ్డవాళ్లని విడదీసి మీకేం వస్తుంది? పెద్దవారు, మీరే పూనుకుని వాళ్లిద్దరికీ పెళ్లి చేసెయ్యండి."

కొండలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

"పెళ్లి జ్యేష్ఠంలోనే చేశామయ్యా, ఆషాఢం నెల్లాళ్లూ పెళ్లాం వంక చూడొద్దురా అంటేనే మా మనవరాలి మొగుడు ఆగలేక ఇట్టా సినిమాకెక్కాడు!"