తిప్పి పంపిన కాగితాలు

కాల్ రికార్డులు కావాలంటూ వచ్చిన జాబితాలో పదకొండు నంబర్లున్నాయి. ఫోన్ కంపెనీ రికార్డుల గదిలో ముసలి గుమాస్తా పదింటికి టిక్కు పెట్టి, పదకొండో దాని మీద వేలుంచాడు.

"ఈ నంబరెవరిదండీ?"

"అనుమానితురాలిది."

"ఏ కేసులో?"

జాబితా తెచ్చిన నిఘా శాఖ అధికారి ముఖం మాడిపోయింది. ఆ నంబరు ఆయన భార్యది.

నెల రోజులుగా ఆమె ఎవరితోనో గంటలకొద్దీ మాట్లాడుతోంది. ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, "సరే, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తోంది. వాడెవడై ఉంటాడా అని ఆయనకు అన్నం సయించడం లేదు.

"ప్రభుత్వం అడుగుతుంటే నీకు కేసులు చెప్పాలా?"

"ప్రభుత్వం అడిగితే కోర్టు కాగితం ఉంటుంది బాబూ. మిగతా పదింటికీ ఉంది." గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంటి సంగతైతే ఇంట్లోనే అడగండి. దేవుడు నోరిచ్చింది అందుకే కదా!"

"నీది నీతులు చెప్పే వయసేగాని పని చేసే వయసు కాదు!"

"అదీ నిజమే లెండి." గుమాస్తా నవ్వుతూ ఆ నంబరు కొట్టేశాడు.

తన కడుపుమంట ఈ ముసలాడి కంటపడింది! అధికారి ఆ రోజే పైకి ఫిర్యాదు రాశాడు, దేశ భద్రతకు అడ్డు తగులుతున్నాడని. రెండు వారాలు తిరక్కుండా గుమాస్తా ఉద్యోగం ఊడింది.

అధికారి మళ్ళీ వెళ్ళేసరికి కొత్త గుమాస్తా కుర్చీ వేశాడు. ఏ కాగితమూ అడగకుండానే ఆ పదకొండో నంబరు రికార్డు చేతిలో పెట్టాడు.

రోజూ ఒకటే నంబరు. అధికారి దాన్ని తన ఫోనులో నొక్కాడు. తెర మీద బావమరిది పేరు కనిపించింది.

"ఓస్, తమ్ముడితోనా!" నెలన్నర తర్వాత ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "దీనికా ఆ ముసలాడు అంత రాద్ధాంతం చేశాడు?"

"మీ బావమరిదిగారూ ఇదే మాటన్నారండీ," అన్నాడు కొత్త గుమాస్తా.

"అతనిక్కడికెందుకొచ్చాడు?"

"పన్నుల శాఖలో పెద్దాఫీసరు కదండీ! మీ నంబరు రికార్డు కావాలని మూడుసార్లు రాస్తే, మూడుసార్లూ పాతాయన తిప్పి పంపేశాట్ట. ఇవాళ పొద్దున మీ ఆవిడగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇచ్చేశాను."

అధికారి చేతిలోని రికార్డును బల్ల మీద పెట్టేశాడు. తన రికార్డులోనూ రోజూ కనిపించే నంబరొకటుంది. అది మాత్రం ఏ అక్కదీ చెల్లెలిదీ కాదు.

"ఆవిడ... ఏమంది?"

"కూర్చుని మొత్తం చదువుకున్నారండీ."

కొత్త గుమాస్తా సొరుగులోంచి ఆ మూడు కాగితాలూ తీసి చూపించాడు. మూడింటి మీదా వణికే చేతిరాతతో ఒకే ముక్క ఉంది: "కోర్టు ఉత్తర్వు లేదు. ఇవ్వను."

చివరి దాని మీద తేదీ, అధికారి ఫిర్యాదుకు ఆ ముసలాయన ఉద్యోగం ఊడిన రోజుది.